కాలవగట్టు మీద కాస్టైరన్ బుల్లెట్టు

పాత బుల్లెట్టు కొన్నాక మొదటి వారం పది రోజుల్లో ఏం చూసుకోవాలో ఒకప్పుడు మన గోదావరి జిల్లాల్లో ఎవరూ ఎవరికీ పనిగట్టుకుని చెప్పేవారు కాదు. ఊరికి ఒకటో రెండో బళ్లు ఉండేవి. ప్రతి సెంటర్లోనూ బుల్లెట్టు తెలిసిన మేస్త్రి ఒకడుండేవాడు. కాసేపు పక్కన నిలబడి చూస్తే పని వచ్చేసేది. ఇప్పుడు ఆ బళ్లే గొడ్లసావిళ్ల నుంచీ మిల్లు గోడౌన్ల నుంచీ బయటికొచ్చి మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. నేర్పే మేస్త్రులు మాత్రం తగ్గిపోయారు. అందుకే గుర్తున్నవన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఇక్కడ బుల్లెట్టు అంటే సెల్ఫ్ కొడితే స్టార్టయ్యే కొత్త బండి కాదు. ఇనప సిలిండరు, కుడికాలి గేరు, పాయింట్ల ఇగ్నిషన్ (చిన్న లోహపు మొనలు తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గులో నిప్పు పుట్టే పద్ధతి) ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 మోటారుసైకిలు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన డిజైను ఇది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టారు, తిరువొత్తియూరులో తయారీ సాగింది. అక్కడ ఇంగ్లండులో కంపెనీ మూతపడిపోయినా, ఇక్కడ ఆ ఇంజను దశాబ్దాల తరబడి దాదాపు అదే రూపంలో వచ్చింది.

ఎనభైల్లో, తొంభైల్లో రైసుమిల్లు ఓనరు, కొబ్బరికాయల వ్యాపారి, కాంట్రాక్టరు, ఎస్సైగారు... బుల్లెట్టు ఎక్కేవాళ్లు వీళ్లే. తర్వాత భీమవరం వైపు చేపల చెరువుల వాళ్లు చేరారు. బండి ఊళ్లోకి రాకముందే కాలవ అవతలి గట్టు మీద ఉండగానే చప్పుడు వినిపించేది. అది ఎవరి బండో అరుగు మీద కూర్చున్నవాళ్లు చెప్పేసేవారు. అందులో వింతేం లేదు. పాయింట్ల సందు, టైమింగు (ప్లగ్గులో నిప్పు పడే క్షణం), వాల్వుల్ని తెరిచే కడ్డీల కిందుండే ట్యాపెట్ల అరుగుదల, సైలెన్సర్ లోపలి తుప్పు ఏ రెండు బళ్లకీ ఒకేలా ఉండవు, కాబట్టి చప్పుడూ ఒకేలా ఉండదు. వాళ్ల చెవికి అలవాటైంది ఆ తేడాయే. పాత బండి తెచ్చుకున్నవాళ్లు మొదట సంపాదించాల్సింది కూడా ఆ చెవినే.

ఈ ఇంజను లెక్క ఓసారి చూడండి. పిస్టన్ వెడల్పు 70 మి.మీ., అది కిందికీ పైకీ నడిచే దూరం (స్ట్రోకు) 90 మి.మీ., మొత్తం 346 సీసీ, కట్టే బలం 18 హార్స్‌పవర్. ఇవాళ్టి నూటయాభై సీసీ బళ్లు కూడా ఆ పవరు దగ్గరికొచ్చేశాయి. కానీ పొడవాటి స్ట్రోకు, బరువైన ఫ్లైవీళ్లు ఉండటంతో ఇది లాగే తీరే వేరు. టాప్ గేరులో నలభైకి దిగినా మూలగదు, యాక్సిలేటర్ మెల్లగా తిప్పితే అక్కణ్ణుంచే ఎత్తుకుంటుంది. మన డెల్టాలో ఘాట్‌రోడ్డు లేదు. వంతెనల అప్రోచ్‌లు, గట్టు ఎక్కే ర్యాంపులు తప్ప ఎత్తే లేదు. బొబ్బర్లంకలో బ్యారేజీ దిగి కాలవ పక్కన ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా రావులపాలెం దాకా వెళ్లండి. గేరు మార్చాల్సిన పనల్లా మలుపుల దగ్గరా, ఊళ్లలోనే. యాభై నుంచి అరవై మధ్యలో ఈ ఇంజను హాయిగా ఉంటుంది, ఆ రోడ్డు మీద అంతకు మించి పోవాల్సిన అవసరమూ రాదు. ఈ బండికి ఇంతకన్నా తగిన నేల ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

స్టార్టింగు దగ్గరే చాలామంది బెదిరిపోతారు. కాలి బలంతో కొట్టేది కాదు, సూది చూసి కొట్టేది. ముందు ఇగ్నిషన్ ఆన్ చేయకుండా క్లచ్ పట్టుకుని రెండు మూడు సార్లు కిక్కు మెల్లగా తొక్కండి. రాత్రంతా నిలబడ్డ బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌తో అతుక్కుని ఉంటాయి. ఇలా విడదీయకపోతే ఫస్టు గేరు పడగానే బండి ముందుకి ఉరుకుతుంది. తర్వాత పెట్రోలు ట్యాపు తిప్పి, చలికాలం పొద్దున్నయితే చోకు ఎత్తి, తాళం తిప్పండి. ఇప్పుడు కరెంటు చూపించే యామీటరు చూడండి. కిక్కు నెమ్మదిగా నొక్కుతుంటే సూది మైనస్ వైపు వాలుతుంది, అంటే పాయింట్లు మూసుకుని కాయిల్లోకి కరెంటు పోతోందని. ఇంకొంచెం నొక్కితే కాలి కింద గట్టిగా అడ్డం తగులుతుంది. అదే కంప్రెషన్, సిలిండరులో గాలి నొక్కుకుని పుట్టే ఒత్తిడి. అక్కడ ఆగండి. ఎడమచేతి దగ్గరున్న, ఆ ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ లివరు నొక్కి పట్టుకుని, సూది నడిమికి వచ్చేదాకా కిక్కుని రవ్వంత దింపండి. సూది మధ్యకొచ్చిందంటే పాయింట్లు తెరుచుకున్నాయి, పిస్టన్ శిఖరం దాటింది. లివరు వదిలేయండి. కిక్కుని పూర్తిగా పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి కింద దాకా ఒకే ఊపులో తొక్కండి. యాక్సిలేటర్ ముట్టుకోవద్దు. ఇంజను బాగుంటే ఒకటి రెండు కిక్కుల్లో అందుకుంటుంది.

సగం మనసుతో, సగం దాకా తొక్కితే మాత్రం పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని కిక్కు వెనక్కి కొడుతుంది. మోకాలు బిర్రుగా నిలబెట్టినవాళ్లకి దెబ్బ గట్టిగా తగులుతుంది. మోకాలు కొంచెం వంచి పెట్టుకోండి, చెప్పులతో కాకుండా బూట్లతో తొక్కండి. సరిగ్గా కొట్టినా పదేపదే వెనక్కి తంతోందంటే టైమింగు ముందుకి జరిగి ఉందనే అర్థం.

అదే కిక్కుతో ఇంజను ఆరోగ్యం కూడా తెలుస్తుంది. తాళం ఆన్ చేయకుండా కంప్రెషన్ తగిలిన చోట కిక్కు మీద నిలబడండి. మంచి ఇంజను మనిషి బరువుని కొన్ని సెకన్లు మోస్తుంది. కాలు నేరుగా కిందికి జారిపోతే రింగులో, వాల్వులో పోయాయి. లేదా డీకంప్రెషన్ కేబులు మరీ బిగుతుగా ఉండి దాని వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. మేస్త్రి ఇంజను విప్పుదామనే ముందు ఆ కేబులుకి కాస్త వదులు ఉందో లేదో చూడండి.

గేర్ల సంగతి. కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు. ఫస్టు పైకి, మిగిలిన మూడూ కిందికి. ఇప్పటి బళ్లకి అలవాటైన కాలు ఆపదలో కుడివైపే నొక్కుతుంది, నొక్కితే గేరు పడుతుంది, బండి ఆగదు. అందుకని మొదటి గంటా రెండు గంటలూ ట్రాఫిక్ లేని సంత మైదానంలోనో, పంట కోసేసి గట్టిపడ్డ కళ్లం దారిలోనో తిప్పుకోవడం మంచిది. ఈ బండికి ఉండే ఆల్బియన్ రకం గేర్‌బాక్సు తొందర ఒప్పుకోదు. పెడల్ని చివరిదాకా నొక్కి, ఒక్క క్షణం అలాగే పట్టి, అప్పుడు క్లచ్ వదలాలి. తట్టి వదిలేస్తే రెండుకీ మూడుకీ మధ్య, మూడుకీ నాలుగుకీ మధ్య ఉత్త న్యూట్రల్లో పడి ఇంజను ఊరికే అరుస్తుంది. మామూలు పెడల్ వెనక ఇంకో చిన్న లివరు ఉంటుంది, న్యూట్రల్ కోసమే. రెండు, మూడు, నాలుగు గేర్లలో దేంట్లో ఉన్నా క్లచ్ పట్టి మడమతో దాన్ని నొక్కితే నేరుగా న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. ఫస్టులో ఉంటే పనిచేయదు. రైల్వే గేటు పడిందనుకోండి, రెండో గేరులోనే మెల్లగా వచ్చి మడమతో నొక్కేయడం పాతకాపుల పద్ధతి. ఇంతటి సౌకర్యం కొత్త బళ్లలో దేనికీ ఇవ్వలేదు.

మొదటిసారి రోడ్డెక్కగానే చేతులకి తెలిసేది బరువు, ఆ తర్వాత ఆ బరువు మాయమవడం. ముప్పై దాటాక 19 అంగుళాల చక్రాలు బండిని తమంతట తామే నిటారుగా నిలబెడతాయి. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోవడం మానేస్తే మలుపు కూడా సులువవుతుంది. ముందు టైరులో 18 నుంచి 20, వెనక 28 పౌండ్ల గాలి, వెనక మనిషి కూర్చుంటే 32. పెట్రోలు బంకులో కుర్రాళ్లు రెండిటికీ ముప్పై అయిదు కొట్టేస్తారు. అలా కొట్టిస్తే తూముల దగ్గరి ప్రతి ఎత్తుకీ ముందు చక్రం ఎగిరి పడుతుంది. బ్రేకులు డ్రమ్ములే. అరవైలో పోతూ గేదె అడ్డమొచ్చాక పట్టుకునే బ్రేకులు కావవి. గేదె గట్టు ఎక్కుతుండగానే యాక్సిలేటర్ వదిలి, గేరు దించుకోవాలి. ఈ ఇంజను బ్రేకింగు బలమైంది, సగం పని అదే చేసిపెడుతుంది.

వణుకు అరవై అయిదు దాకా అరికాళ్లకి గిలిగింతలా ఉంటుంది. డెబ్బై దాటితే అద్దాల్లో వెనక లారీ రెండుగా కనిపిస్తుంది, ఎనభైలో నట్లు ఊడటం మొదలవుతుంది. అందుకే జాతీయ రహదారి దీనికి సరిపడదంటాను. సిద్ధాంతం వంతెన మీద, జొన్నాడ వంతెన మీద ఎడమ అంచు పట్టుకుని పోవడం, దిగగానే కాలవ రోడ్డులోకి మళ్లడం. అదీ దీని దారి. మొదటి యాభై అరవై కిలోమీటర్లు తిరిగొచ్చాక పానాలు తీసుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి. సైలెన్సర్ క్లాంపు, మడ్‌గార్డ్ రాడ్లు, బ్యాటరీ పెట్టె, నంబరు ప్లేటు, హెడ్డు నుంచి ఫ్రేముకి పట్టే స్టే ముందుగా వదులయ్యేవి. పాత బళ్లలో అంగుళాల కొలతల నట్లు, తర్వాత మార్చిన చోట మిల్లీమీటర్ల నట్లు కలగలిసి ఉంటాయి. దగ్గరగా ఉంది కదాని తప్పు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఉలీ సుత్తే గతి.

ఇక ట్యాపెట్లు. ఈ పని ఒక్కటైనా ఇంటి దగ్గర సొంతంగా చేసుకోవాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి, పొద్దున్న కాఫీ తాగే ముందయితే సరిగ్గా ఉంటుంది. కుడివైపు సిలిండరు కింది భాగాన ఒకే నట్టు మీద నిలబడే చిన్న తలుపు ఉంటుంది. అది తీస్తే వాల్వుల్ని తెరిచే రెండు పుష్‌రాడ్లు కనిపిస్తాయి. పిస్టన్‌ని కంప్రెషన్ శిఖరానికి తెచ్చి, అంటే రెండు వాల్వులూ మూసుకుని ఉన్న స్థితిలో, బొటనవేలూ చూపుడువేలూ కలిపి రాడ్డు కింది భాగాన్ని పట్టుకోండి. పైకీ కిందికీ కదపబోతే ఏమాత్రం ఆడకూడదు. కానీ వేళ్ల మధ్య తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఆ రెండూ ఒకేసారి కుదిరిన చోటే సరైన సెట్టింగు. ఫీలర్ గేజు అక్కర్లేదు, సందు సున్నా. ఇంజను వేడెక్కితే సిలిండరూ హెడ్డూ పెరుగుతాయి, కావలసిన సందు దానంతటదే వస్తుంది. సరిచేయడానికి మూడు పల్చటి పానాలు కావాలి. ఒకటి కింది ట్యాపెట్‌ని పట్టడానికి, ఒకటి అడ్జస్టరుకి, ఒకటి లాక్‌నట్టుకి. లాక్‌నట్టు బిగించేటప్పుడు సెట్టింగు కొంచెం మారుతుంది. బిగించాక మళ్లీ తిప్పి చూడటం మర్చిపోతేనే పని చెడుతుంది. వేడి మీద సున్నా పెట్టేస్తే చల్లారాక వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది. మర్నాడు బండి స్టార్టవదు, అలాగే నడిపితే ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది. టకటక చప్పుడు వినపడకుండా ఉండాలని కొందరు ఇంకాస్త బిగిస్తారు. రవ్వంత టకటక ఉన్న ఇంజనే ఎక్కువ కాలం బతుకుతుంది.

చప్పుడు కోసం చేసే ఇంకో పని నాకు అసలు నచ్చదు. నిలబెట్టినప్పుడు ఒక్కో దెబ్బా లెక్కపెట్టేలా కొట్టాలని టైమింగుని బాగా వెనక్కి జరిపి, ఐడిలింగ్ పూర్తిగా తగ్గించేస్తారు. వినడానికి బాగుంటుంది. లోపల జరిగేది వేరు. ఆయిల్ పంపు ఇంజనుతోపాటే తిరుగుతుంది కాబట్టి ఇంజను నెమ్మదిస్తే పిస్టన్ రాడ్డు కింది బేరింగైన బిగ్ఎండ్‌కి చేరే ఆయిలూ తగ్గుతుంది. మంట ఆలస్యంగా అంటుకోవడంతో వేడంతా ఎగ్జాస్టు వైపు పోతుంది, సైలెన్సర్ బెండు నీలం తిరుగుతుంది, యాక్సిలేటర్ ఎంత తిప్పినా బండి బరువుగా కదులుతుంది. పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. కొత్తగా కొన్న బండి వంతెన ఎక్కేటప్పుడు నీరసపడితే ముందు దీన్నే అనుమానించండి.

పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. కుడివైపు డిస్ట్రిబ్యూటర్ క్యాపు క్లిప్పు తీసి, క్యామ్ ఎత్తు మీదికి పాయింట్ల మడమ వచ్చేదాకా ఇంజను తిప్పి, అప్పుడు కొలవాలి. ఆ మడమ అరిగేకొద్దీ సందు తగ్గిపోతుంది, సందు తగ్గితే టైమింగు వెనకబడుతుంది. నెలల తరబడి మెల్లగా జరిగేది కనక నడిపేవాళ్లకి తెలియదు. క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాస్తే మడమ చాలాకాలం వస్తుంది. ఎక్కువ రాస్తే అదే పాయింట్ల మధ్యకి చిమ్ముతుంది. మన గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో నాలుగు రోజులు బండి తీయకపోతే పాయింట్ల మొహాల మీద తెల్లటి పొర కడుతుంది, ప్లగ్గులో నిప్పు రాదు. దళసరి కాగితం ముక్కని పాయింట్ల మధ్య పెట్టి లాగితే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పాయింట్ల మధ్య పెద్ద పెద్ద మెరుపులు కనిపిస్తున్నా, చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి పది పదిహేను కిలోమీటర్లకి ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడుస్తున్నా అది కండెన్సరు (పాయింట్ల దగ్గర మెరుపుని అణిచే భాగం) పని. కార్బొరేటర్ విప్పుకుంటూ కూర్చోవద్దు. కండెన్సరు, ఒక సెట్టు పాయింట్లు, ప్లగ్గు, క్లచ్ కేబులు ఎప్పుడూ పెట్టెలో ఉండాలి. కొత్త క్లచ్ కేబుల్ని పాతదాని పక్కనే లాగి, రెండు చివరలూ టేపుతో కట్టి ఉంచితే దారిలో తెగినా అయిదు నిమిషాల పని.

ఆయిల్ కారని బుల్లెట్టు లేదనేది అందరూ అనే మాటే. అది పూర్తిగా నిజం కాదు. ఎడమవైపు చైన్‌కేసు మూతని ఒకే పెద్ద నట్టు పట్టి ఉంచుతుంది. కారుతోందని దాన్ని ఇంకా బిగిస్తే రబ్బరు నలిగి ఇంకా ఎక్కువ కారుతుంది. మూత అంచులు శుభ్రంగా తుడిచి, కొత్త రబ్బరు వేసి, సరిపడా బిగిస్తే ఆగిపోతుంది. దీనికన్నా పెద్ద తికమక ఇంజను ఆయిల్‌ది. ఈ ఇంజనులో ఆయిల్ గది క్రాంక్‌కేసులోనే విడిగా ఉంటుంది. బండి వారాల తరబడి నిలబడితే ఆయిలు పంపులోంచి మెల్లగా ఫ్లైవీళ్ల వైపు దిగిపోతుంది. డిప్‌స్టిక్కు తీసి చూస్తే తక్కువ చూపిస్తుంది. తక్కువుంది కదా అని అర లీటరు పోస్తే, స్టార్టు చేశాక పంపు ఆ దిగిన ఆయిల్నంతా వెనక్కి తోడేస్తుంది, ఎక్కువైనది బ్రీదర్ గొట్టంలోంచి వెనక చక్రం దాకా చిమ్ముతుంది. టైరు మీద ఆయిల్ పడితే మలుపులో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి కొలత ఎప్పుడూ పది నిమిషాలు నడిపి, ఆపి, కొద్ది నిమిషాలాగాకే. 20డబ్ల్యూ50 ఆయిలు మన ఎండలకి సరిపోతుంది. కొత్తగా కొన్న బండిలో ఎవరు ఎప్పుడు మార్చారో తెలియదు, కనక తెచ్చిన రోజే ఆయిలూ, ఫిల్టరూ రెండూ మార్చేయండి. మార్చాక హెడ్డు మీదికి వెళ్లే సన్న ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చేసి ఇంజను తిప్పితే అక్కడ ఆయిలు ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేయాలి, పంపు తోడటం లేదు.

పొగ రంగుని కూడా ఇలాగే చదవాలి. స్టార్టు చేయగానే నీలం పొగ వచ్చి రెండు నిమిషాల్లో పోతే పైన చెప్పిన దిగిపోయిన ఆయిలే, భయం లేదు. యాక్సిలేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు వస్తే వాల్వు గైడు అరిగినట్టు. బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తే రింగులూ బోరూ అరిగినట్టు. రీబోరు చేయించిన బండయితే మొదటి 500 కిలోమీటర్లు యాభై దాటకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు పట్టకుండా నడపాలి. ఇనప సిలిండరు వేడిని త్వరగా వదలదు. మే నెల ఎండలో పిస్టన్ పట్టేసే ముందు బండి ఒక గుర్తు ఇస్తుంది. యాక్సిలేటర్ అలాగే ఉన్నా వెనక నుంచి ఎవరో లాగుతున్నట్టు వేగం తగ్గుతుంది. ఆ క్షణమే క్లచ్ పట్టేయాలి. పట్టి, నీడన ఆపి, అరగంట కొబ్బరిబోండాం తాగి, ఆ తర్వాత మెల్లగా కిక్కు నొక్కి చూడాలి.

డెల్టా రోడ్లకి సొంత చిక్కులున్నాయి. సార్వా, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద చక్రం జారుతుంది, బ్రేకు వేస్తే ఇంకా జారుతుంది. నిటారుగా, ఒకే వేగంతో దాటేయాలి. వరిగడ్డి వెనక హబ్బుకీ చైనుకీ చుట్టుకుంటుంది, చుట్టుకున్నది బ్రేకు డ్రమ్ము అంచులో చేరి కమురు వాసన వస్తుంది. వాసన తగలగానే ఆపి కత్తితో కోసి తీసేయండి. ఈ కోతల రోజుల్లో ఎయిర్ ఫిల్టరు వారానికోసారి దులపకపోతే ఊకదుమ్ముతో మూసుకుపోయి ప్లగ్గు నల్లబడుతుంది. రోడ్డు పక్క రేగడి మార్జిన్ వాన పడితే సబ్బులా ఉంటుంది. ఎదురుగా బస్సొస్తే మార్జిన్‌లోకి దిగాలనుకోకుండా ముందే వెడల్పున్న చోట ఆగిపోవడం మేలు. ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల బళ్ల నుంచి కారే ఉప్పునీళ్లు రోడ్డునీ పాడుచేస్తాయి, రిమ్ములనీ తింటాయి. అంతర్వేది, పేరుపాలెం సముద్రపు గాలీ అంతే. తిరిగొచ్చిన సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, ఆరాక స్పోకుల చివర్లుండే నిపుల్స్ (చిన్న నట్లు)కీ సైలెన్సర్ అడుక్కీ పాత ఇంజనాయిలు గుడ్డతో తుడవండి. ఎప్పుడో పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి పంటు (బళ్లనీ మనుషుల్నీ ఎక్కించుకునే పడవ) మీద గోదావరి దాటించడం బుల్లెట్టుతో వేరే అనుభవం. రేవు వాలులో ఫస్టు గేరు వేసి, ఇంజను బ్రేకింగు మీదే దిగాలి. క్లచ్ పట్టి దింపితే ఈ బరువు ఆగదు. పలక ఎక్కేటప్పుడు తడి చెక్క మీద ముందు బ్రేకు ముట్టుకోకూడదు. పంటు మీద పెట్రోలు ట్యాపు కట్టేయండి, ఊపుకి ఫ్లోటు కదిలి కార్బొరేటర్ పొంగుతుంది. అవతలి ఒడ్డు రాకముందే ట్యాపు తెరిచి, పిస్టన్‌ని శిఖరం దాటించి సిద్ధంగా ఉంచుకుంటే వెనకవాళ్లు కేకలేయకముందే ఒక్క కిక్కులో ఒడ్డెక్కేయొచ్చు. పంటు పలక మీంచి బుల్లెట్టు గట్టెక్కే చప్పుడు విని రేవులో టీకొట్టువాళ్లు తలెత్తి చూడటం ఇప్పటికీ ఉంది.

ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. అది గాలిలోంచి నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది. పెట్రోలు గొట్టం, ట్యాపు వాషర్లు, కార్బొరేటర్ ఓరింగులు కొన్న వెంటనే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. మికార్బ్ కార్బొరేటర్ ఎయిర్‌స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కణ్ణుంచి చెవితో సరిచూసుకోండి. పది కిలోమీటర్లు లాగించాక ప్లగ్గు కాఫీపొడి రంగులో ఉంటే సరిపోయినట్టే.

కాగితాల గురించి ఒక్క మాట. డబ్బులు ఇచ్చేముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి, ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. పేరు మార్పుకి 29, 30 ఫారాలు, పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 25 ఫారం. వేరే రాష్ట్రం బండయితే అక్కడి నిరభ్యంతర పత్రం 28 ఫారం మీద ముందే తీయించుకోవాలి.

ఆషాఢంలో ముసురు పట్టి బండి తీయలేని రోజులొస్తాయి. అప్పుడు ట్యాపు కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఖాళీ చేయండి. ట్యాంకు మాత్రం నిండుగా ఉంచండి, ఖాళీ జాగా ఉంటే అక్కడ తేమ పట్టి లోపల తుప్పు రేగుతుంది. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టండి. పిస్టన్‌ని కంప్రెషన్ మీద నిలిపితే రెండు వాల్వులూ మూసుకుని బోరులోకి తేమ దిగదు. సెంటర్ స్టాండు కింద ఒక చెక్క పలక వేయండి, నానిన మట్టి అరుగు ఆ బరువుకి కుంగిపోతుంది.